గణితము – కంటికి కనబడని ఆలోచన
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శి గారు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు "విషయము మీ ఇష్టము, కాని పిల్లల చదువు గూర్చి అయితే బాగుంటుంది" అన్నారు. చదువు యొక్క ఆవశ్యకత గూర్చి ఈ వేదిక మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు, మనం చప్పట్లు కొడుతూనే ఉన్నాము. కాబట్టి ఈసారి చదువంతా వదిలేసి ఒక్క పాఠము గూర్చి మాత్రమే మనవి చేసుకొందామనుకున్నాము. అది లెక్కల పాఠము. మేము చూసినంతలో పిల్లవాడు బడి మీద మనసు విరుచుకొనేది చాలాసార్లు ఆ పీరియడులోనే.

మేము ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే లెక్కలు చెప్పుకుంటూ ఇరవై ఏళ్లు దాటించిన వాళ్లము. అయినా తెలుగులో ఎందుకు మాట్లాడుతున్నామంటే, మన ఇళ్లలో కొందరికి ఉర్దూ చదవడం వస్తుంది, కొందరికి రాదు. సంచికలో అచ్చయ్యే మాట అందరి ఇళ్లలో చదువుకోవాలని మా ఆశ. మా తెలుగులో తప్పులు దొర్లితే పెద్ద మనసుతో మన్నించండి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అది 2003 సంవత్సరము. మాకు ఉద్యోగం కొత్త. ఎనిమిదో తరగతికి బీజగణితము, అనగా మన అల్‌జబ్రా, మొదలుపెట్టాము. బోర్డు మీద "ఎక్స్ + 5 = 12" అని రాశాము. వెనుక బెంచీలో ఒక పిల్లవాడు లేచి, "సార్, ఎక్స్ అంటే ఏంది?" అన్నాడు.

"తెలియని సంఖ్య."

"ఎవరికి తెలియదు సార్? మీకు తెలుసు గదా. తెలిసి కూడా మాకెందుకు చెప్పరు?"

తరగతి అంతా నవ్వింది. మాకు కోపం వచ్చింది. "ఎక్కువ మాట్లాడకు. ప్లస్ 5 అటు పక్కకు పోతే మైనస్ 5 అవుతుంది, రాసుకో" అన్నాము. వాడు కూర్చోలేదు. "అటు పోతే మైనస్ ఎందుకవుతుంది సార్?" అన్నాడు. ఆ పీరియడు అయ్యే దాకా వాడిని గోడ దగ్గర నిలబెట్టాము.

ఆ పిల్లవాడు సెలవు రోజుల్లో మేనమామ వెంట బండలు పరిచే పనికి పోయేవాడు. గది పొడవు, వెడల్పు చెబితే ఎన్ని బేతంచెర్ల బండలు పడతాయో, విరిగేవి ఎన్ని పోతాయో కలుపుకొని నోటితోనే చెప్పేవాడు. అలాంటి వాడికి "లెక్కలు రావు" అని ప్రోగ్రెస్ కార్డులో రాసినది మేమే. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. ఎందుకు మానేశాడని మేము వాళ్ల ఇంటికి పోయి అడగలేదు. ఈ సంగతి మళ్లీ చివరలో చెబుతాము.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. లెక్క అంటే ఏమిటి?

మన నానీమాలు, దాదీమాలు తస్బీహ్ పట్టుకొని చదువుతారు. వారిలో కొందరికి ఇరవై దాటి అంకెలు లెక్కపెట్టడం రాకపోవచ్చు. అయినా ముప్పై మూడు సార్లు చదవవలసినది ముప్పై మూడు సార్లే చదువుతారు, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ఎలాగు? ఒక మాటకు ఒక పూస. పూసలు అయిపోతే మాటలు అయిపోయినట్లు. గొర్రెల కాపరి గొర్రెకు ఒక గులకరాయి చొప్పున మూట కట్టుకొని, సాయంత్రం గొర్రె లోపలికి పోయినప్పుడల్లా ఒక రాయి తీసేస్తే, మూటలో రాయి మిగిలితే గొర్రె తప్పిపోయినట్లే. ఇక్కడ అంకె లేదు, ఎక్కము లేదు. జత పెట్టడమే ఉన్నది. గణితమునకు ఇదే మొదటి మెట్టు.

రెండో మెట్టు ఇంకొంచెం ఎత్తు. మూడు మేకలను చూశాము, మూడు రొట్టెలు తిన్నాము, మూడు రోజులు గడిపాము. మరి "మూడు"ను ఎవరైనా చూశారా? దాని రంగేమిటి, రుచేమిటి? మేకలకూ రొట్టెలకూ రోజులకూ ఏ పోలికా లేదు. మేక అరుస్తుంది, రొట్టె అరవదు, రోజు చేతికి దొరకదు. ఈ తేడాలన్నీ వదిలేస్తే చివరకు మిగిలేది ఒకటున్నది. దానికి మనిషి పెట్టిన పేరు మూడు. దీనినే తెలుగు పండితులు అమూర్తమైన ఆలోచన అంటారు, అనగా ఆకారము లేనిది. మన ఉర్దూలో దీనికి తజ్రీద్ అని పేరు. తజ్రీద్ అంటే ఒలిచివేయడము. పెండ్లి కాని వానిని ముజర్రద్ అంటాము కదా, అదీ ఈ కుటుంబపు మాటే. మేకలూ రొట్టెలూ ఎవరూ వెంట లేని మూడు కూడా పాపం ముజర్రదే.

ఇదేదో పెద్ద చదువుల వారి విద్య అనుకోవద్దు. బజారులో తక్కెడ పట్టిన ప్రతి మనిషీ ఈ పని చేస్తున్నాడు. తక్కెడకు మాంసమైనా ఉల్లిగడ్డలైనా ఒకటే; వాసన వదిలేస్తుంది, రంగు వదిలేస్తుంది, బరువు ఒక్కటే పట్టుకొంటుంది. బట్టల కొట్టులో మీటరు కడ్డీకి పట్టు, నూలు తేడా తెలియదు. ఏది వదలాలి, ఏది పట్టుకోవాలి అని తెలియడమే గణితములోని తెలివి. ఆ తెలివి మన ఇండ్లలో లేకపోలేదు. బడి పుస్తకానికీ దానికీ మధ్య వంతెన కట్టకపోవడమే మాలాంటి వారి లోపము.

ఇక సున్న సంగతి. ఏమీ లేకపోతే ఊరుకోవచ్చు గదా, దానికి ఒక గుర్తు ఎందుకు? 15కూ 105కూ మధ్య తేడా ఆ గుర్తే. ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉన్నదో జీతం తీసుకొనే వాళ్లకు చెప్పనక్కరలేదు. మన దేశములో బ్రహ్మగుప్తుడు అనే పండితుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతము అనే గ్రంథములో సున్నను కూడా మిగతా అంకెలతో పాటు కూర్చోబెట్టి, దానిని కలిపితే ఏమవుతుంది, తీసివేస్తే ఏమవుతుంది అని సూత్రాలు చెప్పాడు. ప్లస్, మైనస్ సంఖ్యలకు ఆయన వాడిన మాటలు ధనము, ఋణము. అనగా ఆస్తి, అప్పు. ఎంత చక్కని మాటలో చూడండి.

"మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?" అని ఏ పిల్లవాడు అడిగినా మనం "అది రూలు" అంటాము. కిరాణా కొట్టు ఖాతా తెరిచి చూపిస్తే చాలు. కొట్టు సాహెబు మీ పేరు మీద వంద రూపాయల అప్పులు మూడు పొరపాటున రాశాడు. తప్పు తెలుసుకొని ఆ మూడింటినీ కొట్టివేశాడు. అప్పు అనేది మైనస్. కొట్టివేయడమూ మైనస్. మూడు అప్పులు కొట్టివేస్తే మీ స్థితి మూడు వందలు మెరుగుపడినది. అదే ప్లస్ 300. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. కాని చెప్పని ఉపాధ్యాయుల జాబితాలో చాలా ఏళ్లు మా పేరూ ఉన్నది.

ఈ భారతీయ అంకెలు, సున్నతో సహా, బగ్దాదు చేరినవి. అక్కడ శూన్యము అనే మాటను అరబ్బీలోకి మార్చి సిఫ్ర్ అన్నారు. మనం ఇండ్లలో సిఫర్ అనేది అదే. 1202లో ఇటలీకి చెందిన ఫిబొనాచి తన పుస్తకములో దానిని జెఫిరమ్ అని రాశాడు, అదే మారి మారి జీరో అయినది. కాబట్టి మన పిల్లవాడు సిఫర్ అన్నా, పక్కింటి పిల్లవాడు సున్న అన్నా, కాన్వెంటు పిల్లవాడు జీరో అన్నా, అది ఒకే ప్రయాణికుని మూడు పేర్లు.

ఇప్పుడు మూడో మెట్టు. ఆ పిల్లవాడు గోడ దగ్గర నిలబడినది ఈ మెట్టు మీదే. తెలియని దానికి పేరు పెట్టడము.

ఖలీఫా మామూన్ 813 నుండి 833 వరకు పాలించాడు. ఆ రోజుల్లో బగ్దాదులో ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు ఉండేవాడు. సుమారు 820 ప్రాంతములో ఆయన రాసిన పుస్తకము పేరులోని అల్‌జబ్ర్ అనే మాటే ఈనాడు లోకమంతటా అల్‌జబ్రా అయినది. భారతీయ అంకెలతో లెక్క చేసే పద్ధతి మీద కూడా ఆయన ఒక పుస్తకము రాశాడు. కంప్యూటరు వాళ్లు అల్గారిథమ్ అంటారే, అది ఆయన పేరే. లాటిను వాళ్ల నోట అలా పడినది.

ఉర్దూలో జబ్ర్ అంటే బలవంతము. మన పిల్లలకు అల్‌జబ్రా ఆ అర్థములోనే తెలుసు. కాని అరబ్బీలో దానికి ఇంకొక అర్థమున్నది, విరిగిన ఎముకను సరిచేసి కట్టడము. స్పెయిన్ దేశములో ఎముకలు కట్టే వానిని ఒకప్పుడు అల్‌జెబ్రిస్తా అని పిలిచేవారు. మనలో ఎవరైనా పుత్తూరు పోయి కట్టు కట్టించుకొని వచ్చి ఉంటే, వారు అల్‌జబ్రా చేయించుకొని వచ్చినట్లే. లెక్కలో ఒక పక్కన లోటు ఉంటే దానిని పూడ్చాలి, పూడ్చినంత రెండో పక్కన కూడా కలపాలి. అది జబ్ర్. రెండు పక్కలా సమానంగా ఉన్న దానిని రెండు పక్కల నుండీ తీసివేయాలి. అది ముఖాబలా. తక్కెడలో ఒక పళ్లెములో తెలియని మూట ఒకటి, 5 కిలోల రాయి ఒకటి ఉన్నవి. రెండో పళ్లెములో 12 కిలోలున్నవి. ముల్లు నడిమికి ఉన్నది. రెండు పళ్లాల నుండి అయిదేసి కిలోలు తీస్తే ముల్లు కదలదు, మూట 7 కిలోలని తెలుస్తుంది. "5 అటు పోయి మైనస్ అయినది" అని మేము చెప్పినది వట్టి మాట. అది ఎక్కడికీ పోలేదు, రెండు పక్కలా తీశాము, అంతే.

ఆ పుస్తకములో ఎక్స్ లేదు, వై లేదు, ఒక్క గుర్తు కూడా లేదు. అంతా మాటల్లోనే ఉన్నది. తెలియని దానిని షై అన్నాడు, అనగా వస్తువు. దానినే జజ్ర్ అని కూడా అన్నాడు, అనగా వేరు. దాని వర్గాన్ని మాల్ అన్నాడు, అనగా సంపద. తెలియని వాటికి ఎక్స్, వై, జెడ్ అక్షరాలు వాడడము ఫ్రాన్సు దేశపు దెకార్త్ 1637లో అచ్చు వేసిన పుస్తకముతో స్థిరపడినది. అంటే "ఎక్స్ ఎందుకు?" అని అడగడానికి ఎనిమిది వందల ఏళ్ల పాటు ఎవరికీ అవసరమే రాలేదు. మా విద్యార్థి అడిగినదాంట్లో తప్పేమున్నది?

ఆ పుస్తకములో పెద్ద భాగము వసీయత్, వారసత్వపు పంపకాల లెక్కలే. ఒక మనిషి చనిపోయాడు. భార్య, ఇద్దరు కూతుళ్లు, తల్లి, తండ్రి ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు. ఆస్తిని 24 పాళ్లు చేసి పంచబోతే 3, 16, 4, 4 – మొత్తము 27 అయినవి! ఉన్నవి 24, పంచవలసినవి 27. ఎవరి నోరు కొట్టాలి? ఎవరి నోరూ కొట్టకుండా ఆస్తినే 27 పాళ్లు చేస్తే, అందరికీ ఒకే దామాషాలో తగ్గుతుంది. భార్య ఎనిమిదో వంతు 27లో 3, అనగా తొమ్మిదో వంతు అవుతుంది. హజ్రత్ అలీ గారు మిన్బర్ మీద ఉండగానే ఈ జవాబు చెప్పారని పెద్దలు చెప్తారు, అందుకే దీనికి మిన్బరియ్యా అని పేరు వచ్చినది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆ ఇంట్లో దుఃఖమున్నది, గొడవలూ ఉండవచ్చు. లెక్క అవన్నీ వదిలేసి పాళ్లు మాత్రమే పట్టుకొన్నది. అందుకే న్యాయము చేయగలిగినది. అమూర్తమైన ఆలోచన మనిషికి దూరమైనదని కొందరంటారు. లెక్క ఆ మనుషులకు దూరంగా నిలబడినది వారి మంచి కోసమే.

ఖ్వారిజ్మీ వేసిన లెక్క ఒకటి చాలా ప్రసిద్ధము. ఒక మాల్, దాని పది జజ్ర్‌లు కలిపితే 39. జజ్ర్ ఎంత? పదో తరగతి పిల్లలు దీనికి పెద్ద సూత్రము బట్టీ పడతారు. మేమూ బట్టీ పట్టే పాసయ్యాము. దీనికి ఆయన నేల మీద గీసినట్టు ఒక బొమ్మ వేసి చూపించాడని మాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

2024లో మా ఇంట్లో ఒక గదికి బండలు వేయించవలసి వచ్చింది. మేస్త్రీ వచ్చి "సలాం సార్, గుర్తుపట్టినారా?" అన్నాడు. గుర్తుపట్టాము. గోడ దగ్గర నిలబడిన పిల్లవాడే. ఇప్పుడు నలుగురికి పని చెప్పే మనిషి.

గది మూల లంబంగా ఉన్నదో లేదో చూడడానికి అతను గోడ వెంట 3 అడుగుల దగ్గర ఒక గుర్తు, పక్క గోడ వెంట 4 అడుగుల దగ్గర ఒక గుర్తు పెట్టి, రెండింటి మధ్య టేపు పట్టాడు. సరిగ్గా 5 రావాలి. రాలేదు. "మీ గోడ వంకర సార్" అన్నాడు. "3, 4 పెడితే 5 ఎందుకు రావాలి?" అని అడిగాము. "మామ చెప్పినాడు. పెద్ద గదికి 6, 8, 10 పెడతాము, అదీ తప్పదు. ఎందుకంటే మాత్రం తెలియదు" అన్నాడు. 9, 16 కలిపితే 25 అని మేము చెప్పాము. మూడుకి మూడు, నాలుగుకి నాలుగు, అయిదుకి అయిదు బండల చదరాలు అని చెప్పగానే అతని ముఖములో ఏదో వెలిగింది.

ధైర్యము వచ్చి, సుద్దముక్కతో నేల మీద ఖ్వారిజ్మీ లెక్క గీశాము. "ఒక చదరపు గది ఉన్నది. భుజం ఎంతో తెలియదు. దానికి రెండు పక్కలా అయిదేసి అడుగుల వెడల్పు వరండాలు. గది, రెండు వరండాలు కలిపి 39 చదరపు అడుగులు. గది భుజం ఎంత?"

అతను గొంతుక్కూర్చొని చూశాడు. కాగితం అడగలేదు. "ఈ మూల ఖాళీగా ఉంది సార్. ఇది అయిదుకి అయిదు, ఇరవై అయిదు. దీన్ని కూడా పరిస్తే మొత్తం ఒకటే పెద్ద చదరం అవుతుంది. 39, 25 – అరవై నాలుగు. ఎనిమిదికి ఎనిమిది. వరండా అయిదు తీసేస్తే గది మూడు." తర్వాత నవ్వి, "మూడడుగుల గది ఏంది సార్, కోళ్లగూడా?" అన్నాడు.

సరి చూడండి. మూడుకి మూడు 9, పది మూళ్లు 30, మొత్తము 39. పన్నెండు వందల ఏళ్ల నాటి లెక్కను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానిన మనిషి రెండు నిమిషాలలో చేశాడు. "నువ్వు ఆ రోజు అడిగిన ఎక్స్ ఇదే బేటా" అన్నాము.

అతను కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, కోపం లేకుండానే, "మరి ఆ రోజు గోడ దగ్గర ఎందుకు నిలబెట్టినారు సార్?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఒకటే. మాకు తెలియదు కాబట్టి నిలబెట్టాము. ఎక్స్ ఎంతో తెలుసు, ఎక్స్ ఏమిటో తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడి, ఆ సిగ్గును పిల్లవాడి మీద వేశాము. ఆ మాటే అతనికి చెప్పాము. ఇంత మంది ముందర ఈరోజు మళ్లీ చెబుతున్నాము.

ఇక నాలుగో మెట్టు, ఆఖరిది. "ఎందుకు?" అనే మెట్టు. మామ చెప్పాడు కాబట్టి 3, 4, 5 అనేది అనుభవము. ఎప్పుడైనా, ఎక్కడైనా అంతే అని తెలుసుకోవడము గణితము. ఆ రోజు మిగిలిపోయిన బండ ముక్కలతో ఇంకొకటి చేసి చూశాము. మీరు ఇంట్లో అగ్గిపెట్టెలతో చేసుకోవచ్చు. మూలలో ఒక బండ పెట్టండి. దానికి రెండు వైపులా మూల మలుపు తిరిగేటట్లు 3 బండలు పెడితే రెండుకి రెండు చదరం. దాని బయట 5 పెడితే మూడుకి మూడు. ఆ బయట 7 పెడితే నాలుగుకి నాలుగు. 1, 3, 5, 7 అని బేసి సంఖ్యలు వరుసగా కలుపుకుంటూ పోతే ఎప్పుడూ చదరమే వస్తుంది. ఎందుకు? ప్రతి అంచుకూ రెండు చేతులున్నవి. చదరం ఒక వరుస పెరిగినప్పుడల్లా ఒక్కొక్క చేతికి ఒక్కొక్క బండ ఎక్కువ కావాలి, కాబట్టి రెండు రెండు పెరుగుతుంది. మరి మొదటి వంద బేసి సంఖ్యలు కలిపితే ఎంత? వందకి వంద, పదివేలు. ఎవరమూ కూడలేదు, పదివేల బండలు ఎవరమూ పరచలేదు. అయినా తప్పు కాదని మనకు తెలుసు. చూడని దానిని గూర్చి ఇంత నమ్మకముగా చెప్పగలగడము ఆలోచనకు అల్లా ఇచ్చిన బలము. ఇది డబ్బున్న వాళ్ల పిల్లలకు వేరుగా, మన పిల్లలకు వేరుగా ఇవ్వలేదు.

భాష గూర్చి కూడా ఒక మాట. ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు రావని కొందరు మన ముఖం మీదే అంటారు. లెక్కకు మాతృభాష లేదండి. సంస్కృతములో పుట్టిన సూత్రాలు అరబ్బీలో పెరిగి లాటినులో తిరిగినవి. ఖ్వారిజ్మీ కాలం నాటి శతాబ్దములోనే మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతములో గణితసార సంగ్రహము రాస్తే, పదకొండో శతాబ్దములో పావులూరి మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. హైదరాబాదులో 1917లో అనువాద శాఖ, దారుత్తర్జుమా, పెట్టి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపించి మొదటి మూడు దశాబ్దాలు పెద్ద తరగతుల గణితము కూడా ఉర్దూలోనే చెప్పారు. అక్కడ చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ గారు జర్మనీలోని లైప్‌జిగ్‌లో డాక్టరేటు పొంది వచ్చి అక్కడే గణితాచార్యులైనారు. 1998 నుండి మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము కూడా హైదరాబాదులో ఉన్నది. అయితే కష్టము లేదని మేము అనము. పదో తరగతి దాకా ముసల్లస్, జావియా అని చదివిన పిల్లవాడు ఇంటర్మీడియట్‌లో ట్రయాంగిల్, యాంగిల్ అని వినగానే ఏదో కొత్త దేశానికి వచ్చానని భయపడతాడు. దేశము పాతదే, బోర్డులు మారినవి. అందుకని ఆరో తరగతి నుండే ఒక నోటుబుక్కులో మూడు గీతలు కొట్టి, ముసల్లస్ – త్రిభుజము – ట్రయాంగిల్, జర్బ్ – గుణకారము – మల్టిప్లికేషన్ అని రాయించండి. ఆ నోటుబుక్కు ధర కన్నా దాని ప్రయోజనము చాలా పెద్దది.

మేస్త్రీ సంగతి ఇంకా కొంచెమున్నది. అతని కూతురు అప్పుడు ఏడో తరగతి. "దాని నోరు నా నోరే సార్, ప్రతిదానికీ ఎందుకు అంటది" అన్నాడు. సంతోషించాము. కాని వెంటనే "పది దాకా చదివిస్తాను, ఆడపిల్లకు ఇంకా పై లెక్కలెందుకు" అన్నాడు.

అప్పుడు అతనికి చెప్పినదే మీకూ చెబుతాము. 1977లో తెహ్రానులో మర్యమ్ మీర్జాఖానీ అనే అమ్మాయి పుట్టింది. బడిలో ఒక ఏడాది లెక్కల టీచరు ఆమెలో పెద్ద ప్రతిభ ఏమీ లేదనుకొన్నందున ఆమెకు లెక్కల మీద ఉత్సాహమే పోయిందట. మరుసటి ఏడు వచ్చిన టీచరు ప్రోత్సహిస్తే మళ్లీ నిలదొక్కుకొన్నది. 2014లో ఆమెకు ఫీల్డ్స్ పతకము వచ్చింది. గణితములో అంతకన్నా పెద్ద గౌరవము లేదంటారు. 1936 నుండి ఇస్తున్న ఆ పతకము అందుకొన్న మొట్టమొదటి స్త్రీ ఆమె. ఆమె ఇంట్లో నేల మీద పెద్ద పెద్ద కాగితాలు పరచుకొని బొమ్మలు గీసుకుంటూ ఆలోచించేది. చిన్న కూతురు చూసి అమ్మ పెయింటింగ్ వేస్తోందనుకొనేదట. 2017లో నలభై ఏళ్లకే చనిపోయింది. ఆ రెండో టీచరు రాకపోతే లోకానికి ఏమి పోయేదో ఎవరికీ తెలిసేది కూడా కాదు. మా దగ్గరకు వచ్చిన ఎంత మంది పిల్లలకు మేము ఆ మొదటి టీచరుమైనామో తలచుకొంటే రాత్రి నిద్ర పట్టదు.

మేస్త్రీ అంతా విని "చూస్తాను సార్" అన్నాడు. ఔనని అనలేదు, కాదని అనలేదు.

కాబట్టి పెద్దలకు మా మనవులు మూడు. తల్లిదండ్రులు పిల్లల ముందు "మా వంశానికే లెక్కలు రావు" అని నవ్వుతూ కూడా అనవద్దు. మీరు తక్కెడ పట్టినప్పుడు, బట్ట కొలిచినప్పుడు, బండ పరచినప్పుడు, వంటకు బియ్యం పోసినప్పుడు లెక్కే చేస్తున్నారు. దానిని పిల్లల చేత చేయించండి. "ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు "ఇది ఎందుకు అయింది?" అని ఒక్కసారి అడగండి. రెండవది, ఉపాధ్యాయ సోదరులకు. తెలియనప్పుడు "తెలియదు బేటా, రేపు చూసి చెబుతాను" అందాము. ఆ ఒక్క మాటతో మన గౌరవము తగ్గదు. మూడవది, సంఘానికి. ర్యాంకులు వచ్చిన వారికి బహుమతులివ్వడము మంచిదే. కాని లెక్కల్లో వెనుకబడిన వారి కోసము ఆదివారం అస్ర్ నమాజు తర్వాత ఈ హాలులో ఒక గంట మాకు ఇప్పించండి. జీతమేమీ అక్కరలేదు. ఒక తక్కెడ, ఒక పెట్టెడు చదరపు బండ ముక్కలు చాలు. ముక్కలు తాను తెచ్చి ఇస్తానని మేస్త్రీ ఒప్పుకొన్నాడు. ఆడపిల్లలను కూడా తప్పక పంపండి. ఆ గంటలో ఏ పిల్లవాడు, ఏ పిల్ల "ఎందుకు?" అన్నా గోడ దగ్గర నిలబెట్టమని మీ అందరి ఎదుట మాట ఇస్తున్నాము.

 మేస్త్రీ కూతురు ఆ గంటకు రావాలని, పది తర్వాత కూడా చదవాలని మీరంతా దువా చేయండి. సెలవు. ఖుదా హాఫిజ్.